పది మంది చూస్తేనే కదిలే ఫిర్యాదు

ఒక కంపెనీ తన వినియోగదారునికి ఎంత త్వరగా, ఎంత మర్యాదగా జవాబు చెబుతుందన్నది ఈ రోజుల్లో అతనికి జరిగిన నష్టాన్ని బట్టి కంటే, ఆ నష్టాన్ని ఎంతమంది చూస్తున్నారన్న దాన్ని బట్టే ఎక్కువగా తేలుతోంది. హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు కామర్స్ బోధించే నేను ఏటా వినియోగదారుల హక్కుల పాఠం చెబుతాను. చట్టం గురించి, వినియోగదారుల ఫిర్యాదులు విచారించే కమిషన్ల గురించి చెబుతూ ఉండగానే వెనక బెంచీల నుంచి ఒక మాట వస్తుంది: "అవన్నీ ఎందుకు మేడమ్, ట్విట్టర్ల ట్యాగ్ జేస్తే ఐపోతది గదా!" ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే అది ఎవరి విషయంలో నిజం, ఎంతవరకు నిజం, ఒకరి పని అలా అయిపోతే దాని ఖర్చు ఎవరి మీద పడుతోంది అన్న ప్రశ్నలను తరగతి గదిలో గంట మోగేలోపు తేల్చలేకపోతున్నాను కనుక ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మా చిన్నమ్మ నర్సంపేటలో ఉంటుంది. హనుమకొండలో ఒక షోరూమ్‌లో కొన్న ఆమె ఫ్రిజ్, వారంటీ ఇంకా ఉండగానే, నిండు ఎండాకాలంలో కూలింగ్ ఆపేసింది. బిల్లు మీదున్న టోల్‌ఫ్రీ నంబరుకు ఆమె ఫోన్ చేసింది. "ఒకటి ఒత్తు, రెండు ఒత్తు అంటది బిడ్డా, ఎంతసేపైనా మనిషి మాత్రం మాట్లాడడు" అని నాతో చెప్పింది. చివరికి ఫిర్యాదు నమోదై, టెక్నీషియన్ పేరుతో ఒక మెసేజ్ వచ్చింది. రెండు రోజుల తర్వాత ఆ టెక్నీషియన్ ఫోన్ చేసి, "అమ్మా, మీకొక కోడ్ వచ్చి ఉంటది, జర చెప్పండి, రేపు పొద్దుగాల వచ్చి చేస్త" అన్నాడు. ఆమె చెప్పింది. ఆ కోడ్‌ను ఆ కంపెనీల భాషలో హ్యాపీ కోడ్ అంటారు. పని పూర్తయి, వినియోగదారు తృప్తి పడ్డాక మాత్రమే చెప్పవలసిన సంఖ్య అది. ఆమె చెప్పిన మరుక్షణం కంపెనీ కంప్యూటర్‌లో ఆ ఫిర్యాదు మూతపడింది. "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని మార్కులు ఇస్తారు?" అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మెసేజ్ ఒకటి ఆమె ఫోన్‌కు చేరింది. ఆ రాత్రి కూడా ఆమె పాలు కాచి కుండనీళ్లలో పెట్టుకుంది.

సంగతి తెలిసి హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు ఆ మెసేజ్ ఫొటోను, విరిగిపోయిన పాలున్న గిన్నె ఫొటోను జత చేసి, కంపెనీని ట్యాగ్ చేస్తూ ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు రాశాడు. గంట తిరిగేలోపు జవాబు వచ్చింది. సాయంత్రానికి ఫోన్ వచ్చింది, అదీ తెలుగు మాట్లాడే మనిషి నుంచి. మర్నాడు ఉదయం అదే టెక్నీషియన్ సామాను సంచితో గుమ్మంలో నిలబడ్డాడు. అతను పని ముగించి వెళ్తుండగా ఎదురింటి ఆమె వచ్చి, తమ ఫ్రిజ్ కూడా ఆ కంపెనీదేనని, తాను కూడా చాలా రోజుల కిందటే ఫోన్ చేసి చెప్పానని, ఎలాగూ వచ్చాడు కనుక ఒకసారి చూసిపొమ్మని అడిగింది. అతను నొచ్చుకుంటూనే ఫోన్ తీసి చూపించి అన్న మాట ఇది: "మీది ఇయ్యాల్టి లిస్టుల లేదమ్మా. ఇది పై నుంచి వచ్చిన కేసు."

పై నుంచి వచ్చిన కేసు అంటే ఏమిటో నిదానంగా చూడాలి. నర్సంపేట, పరకాల, ములుగు వైపు తిరగడానికి ఆ కంపెనీకి ఉన్న టెక్నీషియన్లు కొద్దిమందే. ఒక పోస్టు పెట్టినంత మాత్రాన కొత్త టెక్నీషియన్ ఎవరూ రారు. ఉన్న మనిషినే ఒక ఇంటి నుంచి తప్పించి మరో ఇంటికి పంపుతారు. మా చిన్నమ్మ ఇంటికి అతను వచ్చిన ఆ ఉదయం, ఫోన్ చేసి ఊరుకున్న మరెవరి ఇంటికో వెళ్లవలసిన ఉదయం. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదని మన పెద్దలు అంటారు. కానీ ఎదురింటి ఆమె అడగలేదని ఎవరూ అనలేరు. కంపెనీ చూపిన చోట, కంపెనీ చెప్పిన పద్ధతిలోనే ఆమె అడిగింది. అలా అడగడం నలుగురి కంట పడలేదు, అంతే తేడా.

నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి హైదరాబాద్‌లో ఇటువంటి జవాబులు రాసే విభాగంలో పనిచేస్తున్నాడు. పండక్కి వచ్చినప్పుడు ఆ పని ఎలా సాగుతుందో వివరంగా చెప్పించుకున్నాను. కంపెనీ పేరు ఎవరు ఎక్కడ ప్రస్తావించినా, ట్యాగ్ చేసినా చేయకపోయినా, ఆ పోస్టు వచ్చి వాళ్ల తెర మీద ఒక టికెట్‌గా, అంటే జవాబు చెప్పవలసిన ఒక పనిగా, పడుతుంది. పక్కనే కొన్ని అంకెలు ఉంటాయి: రాసిన మనిషికి ఎంతమంది ఫాలోయర్లు ఉన్నారు, ఆ పోస్టును ఎంతమంది చూశారు, ఎంతమంది తిరిగి పంచుకున్నారు. అందులోని మాటలను బట్టి అది కోపమా, మామూలు ప్రశ్నా, మెచ్చుకోలా అని సాఫ్ట్‌వేరే ఒక రంగు వేస్తుంది. మొదటి జవాబు ఎన్ని నిమిషాల్లో వెళ్లిందన్నది ప్రతి ఉద్యోగి లెక్కలో నమోదవుతుంది. ఆ మొదటి జవాబు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ వివరాలు మాకు డీఎం చేయండి, అంటే మాకు మాత్రమే కనిపించే మెసేజ్‌గా పంపండి. ఫోన్ నంబరు, చిరునామా పదిమందిలో పెట్టకూడదు కనుక ఆ రెండో మాట సమంజసమైనదే. కానీ దానితో పాటే, సంభాషణ అందరూ చూసే చోటి నుంచి ఎవరూ చూడని చోటికి జరిగిపోతుంది. విలేకరో, న్యాయవాదో, సినిమా మనిషో, ప్రజాప్రతినిధో రాస్తే ఆ టికెట్ వేరే బల్లకు వెళుతుందని, అక్కడ కూర్చున్నవారికి సర్వీస్ సెంటర్ల మేనేజర్లతో నేరుగా మాట్లాడే అధికారం ఉంటుందని అతను చెప్పాడు.

అతను చెప్పిన మరో సంగతి నన్ను ఎక్కువగా బాధపెట్టింది. తెలుగు లిపిలో వచ్చిన ఫిర్యాదులకు, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు ఫిర్యాదులకు ఆ సాఫ్ట్‌వేర్ చాలాసార్లు ఏ రంగూ వేయదట. "ఇదేం సర్వీస్, సిగ్గుండాలె" అని ఎవరైనా మండిపడి రాసినా అది మామూలు ప్రశ్నల కుప్పలోకే పోతుంది. రాత్రి పని మీద తెలుగు తెలిసినవారు ఉంటే ఒకరు చూసి పైకి తోస్తారు. లేకపోతే అది అక్కడే ఉంటుంది. అంటే కంపెనీని కదిలించే ఆ ఒత్తిడి కూడా అందరి చేతిలో ఒకే తీరుగా లేదు. ఇంగ్లిష్ రాయగలిగిన వాడి చేతిలో, ఫాలోయర్లు ఉన్న వాడి చేతిలో, హైదరాబాద్‌లో తమ్ముడు ఉన్న వాళ్ల చేతిలో అది బలంగా పనిచేస్తుంది. ఏనుమాముల మార్కెట్‌కు పంట తెచ్చుకునే రైతు, డబ్బులు తెగిపోయి సరుకు రాకపోతే రాయడానికి ఆ నాలుగు వాక్యాలు ఎక్కడి నుంచి తెస్తాడు?

ఈ పద్ధతి ఒక్కనాటిలో రాలేదు. 2008లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలో ప్రయాణించిన డేవ్ కారల్ అనే కెనడా సంగీతకారుని గిటార్ షికాగో విమానాశ్రయంలో సామాను విసిరేటప్పుడు విరిగింది. బాగుచేయించడానికి 1,200 డాలర్లు అయింది. నెలల తరబడి ఆయన ఫోన్లు చేసి, ఉత్తరాలు రాసి తిరిగారు. 24 గంటల్లోపు ఫిర్యాదు చేయలేదన్న నిబంధన చూపించి సంస్థ పరిహారం ఇవ్వలేదు. 2009 జూలైలో ఆయన ఆ ఉదంతం మీద పాట కట్టి యూట్యూబ్‌లో పెట్టారు. రోజుల్లోనే లక్షల మంది చూశారు. అంతకాలం కదలని సంస్థ అప్పుడు తానే ఫోన్ చేసి పరిహారం ఇస్తామంది, ఆయన సూచన మేరకు ఒక సంగీత సంస్థకు 3,000 డాలర్లు విరాళంగా ఇచ్చింది. 2013లో మరో ప్రయాణికుడు, తన తండ్రి సామాను పోయినందుకు బ్రిటిష్ ఎయిర్‌వేస్ మీద ఫిర్యాదును డబ్బు కట్టి ప్రకటనగా ట్విట్టర్‌లో నడిపించాడు. వేల మంది చూశాక, గంటల ఆలస్యంగా వచ్చిన ఆ సంస్థ జవాబులో, తమ ట్విట్టర్ ఖాతా ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు వరకే పనిచేస్తుందన్న వివరణ ఉంది. అటువంటి జవాబు ఈ రోజు ఏ పెద్ద సంస్థా ఇవ్వదు. రాత్రింబవళ్లు ఆ బల్లల దగ్గర మనుషులను కూర్చోబెట్టడం అలా అలవాటైంది.

ఒత్తిడి వల్ల జవాబులోని మాట మారడం వేరు, దాని వెనక ఉన్న నియమం మారడం వేరు. ఈ రెండూ వెంటవెంటనే కనబడిన సందర్భం 2017 ఏప్రిల్‌లో అదే యునైటెడ్ సంస్థ విషయంలో జరిగింది. తమ సిబ్బందికి చోటు కావాలని, డబ్బు కట్టి సీట్లో కూర్చున్న ఒక వైద్యుణ్ణి భద్రతా సిబ్బంది చేత విమానంలోంచి ఈడ్చి దించారు. తోటి ప్రయాణికులు తీసిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. మర్నాడు సంస్థ అధిపతి ఇచ్చిన ప్రకటనలో, ప్రయాణికులను వేరే విమానాలకు సర్దవలసి వచ్చినందుకు మాత్రమే విచారం ఉంది. జనం ఆగ్రహం ఇంకా పెరిగాక, ఆ మరుసటి రోజు పూర్తి క్షమాపణ వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే అది మాట మార్చడమే అయ్యేది. కానీ ఆ నెలాఖరుకు, స్వచ్ఛందంగా సీటు వదులుకునే వారికి 10,000 డాలర్ల వరకు ఇస్తామని, భద్రతకు ముప్పు ఉంటే తప్ప ప్రయాణికులను దించడానికి పోలీసులను పిలవబోమని నియమాలనే మార్చారు. ఆ తర్వాత విమానం ఎక్కిన, ఏ వీడియోలోనూ లేని ప్రయాణికులకు కూడా ఆ మార్పు వర్తించింది. నేను కోరుకునే ఒత్తిడి ఈ రెండో రకానిది.

మన దగ్గర కూడా మంచి ఉదాహరణలు లేకపోలేదు. వి.సి. సజ్జనార్ 2021 నుంచి 2025 వరకు మన ఆర్టీసీకి ఎండీగా ఉన్న కాలంలో ప్రయాణికులు ట్విట్టర్‌లో రాసిన చాలా విషయాలకు ఆయనే స్పందించేవారు. బస్సు ఆపలేదనో, సమయానికి రాలేదనో మన ఊరి పిల్లలు రాస్తే సంబంధిత డిపోకు ఆదేశం వెళ్లేది. కాజీపేట మీదుగా వెళ్లే రైళ్లలో ఏసీ పనిచేయకపోతే, నీళ్లు రాకపోతే రైల్వే సేవా ఖాతాకు పీఎన్ఆర్ నంబరుతో రాయడం ఇప్పుడు మామూలైపోయింది. అయితే రైల్వేలో అదే ఫిర్యాదును 139కి ఫోన్ చేసి కూడా చెప్పవచ్చు. ఫోన్‌లో చెప్పినా, తెర మీద రాసినా రెండింటికీ ఒకే వరుస, ఒకే గడువు ఉండాలన్నదే నా వాదన.

ఒత్తిడి మొదలైనప్పుడు దాని బరువు ఎవరి మీద పడుతుందన్నది కూడా చూడాలి. 2021 అక్టోబరులో తమిళనాడులో ఒక జొమాటో వినియోగదారు, తనకు రాని వంటకానికి డబ్బు వెనక్కి అడిగాడు. భాష సమస్య వల్ల హోటల్‌తో మాట్లాడలేకపోయామని సహాయ కేంద్రం ఉద్యోగిని అంది. తమిళనాడులో వ్యాపారం చేస్తున్నప్పుడు తమిళం తెలిసినవారిని పెట్టుకోవాలి కదా అని అతనన్నాడు. హిందీ జాతీయ భాష కనుక అందరికీ కొంచెమైనా తెలిసి ఉండాలని ఆమె జవాబిచ్చింది. ఆ సంభాషణ ఫొటో బయటికి రాగానే తమిళనాడు అంతా భగ్గుమంది. కంపెనీ తమిళంలో క్షమాపణ ప్రకటించి, ఆ ఉద్యోగినిని తీసేశామని చెప్పింది. కొన్ని గంటలకే వ్యవస్థాపకుడు దీపిందర్ గోయల్ ఆమెను తిరిగి తీసుకుంటున్నామని ప్రకటించారు. మన రాజ్యాంగంలో జాతీయ భాష అంటూ ఏదీ లేదు కనుక ఆమె మాట తప్పే. అయినా తమిళం తెలియని మనిషిని తమిళ వినియోగదారుల ముందు కూర్చోబెట్టింది ఆమె కాదు. నిర్ణయం పైన ఎవరో తీసుకున్నారు, ఉద్యోగం మాత్రం కింద ఉన్న మనిషిది పోబోయింది. అదే ప్రకటనలో కోయంబత్తూరులో తమిళ సహాయ కేంద్రం ఏర్పాటు చేస్తున్నట్టు కూడా సంస్థ చెప్పింది. నిజమైన పరిష్కారం ఆ వాక్యంలో ఉంది, ఉద్యోగినిని తీసేశామన్న వాక్యంలో లేదు. మడికొండలో ఐటీ కంపెనీలు వచ్చాయని, వరంగల్ పిల్లలకు ఇక్కడే ఉద్యోగాలు దొరుకుతాయని అందరం సంతోషిస్తున్నాం. తెలుగులో ఫిర్యాదు వినే కేంద్రాలకు ఇంతకంటే తగిన ఊరు ఏది? మన భాషలో, మన యాసలో చెప్పింది చెప్పినట్టు అర్థమయ్యే పిల్లలు ఇక్కడ వేలమంది ఉన్నారు.

ఇక కంపెనీల మొదటి స్పందన ఎప్పుడూ మర్యాదగానే ఉంటుందని కూడా అనుకోలేం. 2023 ఏప్రిల్‌లో రేవంత్ హిమత్‌సింకా అనే యువకుడు బోర్న్‌విటాలోని చక్కెర గురించి వీడియో పెడితే, కంపెనీ నుంచి అతనికి లీగల్ నోటీసు వెళ్లింది. అతను వీడియో తీసేసి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. అప్పటికే అది చేరవలసిన చోటికి చేరిపోయింది. జాతీయ బాలల హక్కుల కమిషన్ కంపెనీని వివరణ కోరింది. ఆ ఏడాది చివరికి కంపెనీ ఆ పొడిలో కలిపే చక్కెరను సుమారు 14 శాతం తగ్గించింది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ, ఇటువంటి పానీయాలను ఆరోగ్య పానీయాల వర్గం కింద చూపవద్దని ఆన్‌లైన్ దుకాణాలకు సూచించింది. వీడియో ఒక్కటే అయితే లీగల్ నోటీసుతో దాని కథ ముగిసేది. చట్టం కింద ఏర్పడిన ఒక సంస్థ అందుకుని ప్రశ్నించడం వల్ల అది నిలబడింది.

ఓలా ఎలక్ట్రిక్ విషయంలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2024 అక్టోబరు 6న హాస్య కళాకారుడు కునాల్ కామ్రా, సర్వీస్ సెంటర్ ముందు దుమ్ముపట్టి నిలిచిన స్కూటర్ల ఫొటో పెట్టి, కొన్నవారి గతి ఇదేనా అని అడిగారు. కంపెనీ అధిపతి భవీశ్ అగర్వాల్, డబ్బు తీసుకుని రాస్తున్నావంటూ బదులిచ్చారు. ఆ మాటల యుద్ధాన్ని దేశమంతా చూసింది, షేరు ధర పడింది. ఆ మర్నాడే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కంపెనీకి షోకాజ్ నోటీసు ఇచ్చింది. అందులో పేర్కొన్న ఆధారం మాత్రం ఆ పోస్టు కాదు. 2023 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు వరకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు వచ్చిన 10,644 ఫిర్యాదులు. సర్వీసింగ్ ఆలస్యమని, కొత్త బండి చేతికి రావడం ఆలస్యమని, ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదని ఊరూపేరూ తెలియని వేలమంది ఫోన్ చేసి చెప్పుకున్న మాటలు అవి. వాటిలో 99.1 శాతం పరిష్కరించామని కంపెనీ తర్వాత చెప్పుకుంది, ప్రాధికార సంస్థ అంతటితో సరిపెట్టుకోక విచారణకు ఆదేశించింది. కామ్రా పోస్టు వల్ల దేశం చూపు అటు తిరిగిన మాట నిజమే, కానీ ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించిన ఆ వేలమంది లేకపోతే ఆ నోటీసులో రాయడానికి ఏమీ ఉండేది కాదు. మా విద్యార్థులకు నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది ఇదే: పోస్టు పెట్టండి, కానీ ఫిర్యాదు నమోదు చేయించడం మానకండి.

బహిరంగంగా రాయడంలో ఉన్న ఒక ప్రమాదాన్ని కూడా చెప్పాలి. మోసగాళ్లు కూడా ఆ పోస్టులను చూస్తూనే ఉంటారు. బ్యాంకు పేరునో, డెలివరీ సంస్థ పేరునో ఒక అక్షరం తేడాతో పెట్టుకున్న ఖాతా నుంచి, అచ్చంగా కంపెనీ భాషలోనే, చింతిస్తున్నాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని జవాబు వస్తుంది. ఫోన్ చేస్తే రీఫండ్ కోసం ఒక యాప్ వేసుకోమంటారు, లేదా ఓటీపీ అడుగుతారు. డబ్బు వెనక్కి వస్తుందన్న ఆశలో ఉన్న మనిషి ఆ క్షణాన అనుమానించడు. కంపెనీలు అందరినీ ఈ ఒక్క ద్వారం వైపే నెడుతున్నందువల్ల, ఆ ద్వారం దగ్గర దొంగలు కాపు కాయడం సులువైంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

చట్టం ఇచ్చిన దారులు ఇంతకంటే నెమ్మదైనవన్న అపోహ పూర్తిగా సరికాదు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రతి ఆన్‌లైన్ దుకాణం ఫిర్యాదుల అధికారి పేరును, సంప్రదించే వివరాలను తన వెబ్‌సైట్‌లో చూపాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. జాతీయ హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే ఫోన్ చేసి చెప్పవచ్చు. వెయ్యికి పైగా కంపెనీలు ఆ హెల్ప్‌లైన్‌తో భాగస్వాములుగా చేరి ఉన్నందువల్ల, అక్కడ నమోదైన ఫిర్యాదు నేరుగా ఆ కంపెనీకి చేరుతుంది. యూపీఐలోనో, ఏటీఎంలోనో డబ్బు తెగి లావాదేవీ విఫలమైతే ఎన్ని రోజుల్లో తిరిగి జమ చేయాలో రిజర్వు బ్యాంకు 2019లోనే గడువులు పెట్టింది. ఏటీఎం అయితే అయిదు రోజులు. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున, ఖాతాదారు అడగకపోయినా, బ్యాంకు పరిహారం కలపాలి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో బ్యాంకు నుంచి సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

అన్నింటికంటే మన ప్రాంతం వారికి మేలు చేసింది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. అది 2020 జూలై 20న అమలులోకి వచ్చింది. అంతకుముందు కంపెనీకి కార్యాలయమో, శాఖో ఉన్న చోట, లేదా వివాదం తలెత్తిన చోట ఫిర్యాదు వేయాలి. బెంగళూరులో కార్యాలయం ఉన్న ఆన్‌లైన్ కంపెనీ మీద వరంగల్ మనిషి కేసు వేయబోతే, వివాదం ఎక్కడ తలెత్తిందన్న వాదనతోనే కాలం గడిచిపోయేది. ఇప్పుడు వినియోగదారు తాను నివసించే జిల్లాలోనే, లేదా ఉద్యోగం చేసే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. లాయరు ఉండి తీరాలన్న నియమం లేదు. ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. అయితే రెండేళ్ల లోపు వేయాలి. వస్తువును పరీక్షకు పంపనవసరం లేని కేసును మూడు నెలల్లో, పంపవలసిన కేసును అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో వాయిదాల వల్ల అంతకు మించి పడుతున్న కేసులు ఉన్నాయి. ఆ ఆలస్యమే జనాన్ని ట్విట్టర్ వైపు తోస్తోంది. కమిషన్లలో ఖాళీలను వెంటనే నింపవలసిన బాధ్యత ప్రభుత్వాలది.

పోస్టు పెట్టేవారికి నాకు తెలిసిన కొన్ని మాటలు చెబుతాను. ముందు ఫోన్‌లోనో, ఈమెయిల్‌లోనో ఫిర్యాదు చేసి దాని సంఖ్య రాసి ఉంచుకోండి. పోస్టులో ఆ సంఖ్య, కొన్న తేదీ, ఇప్పటిదాకా ఏ తేదీన ఎవరు ఏం చెప్పారన్నది ఉండాలి. బిల్లు ఫొటోలో మీ ఫోన్ నంబరు, చిరునామా కనబడకుండా చెరిపేయండి. తెలుగులో రాయడానికి సంకోచించవద్దు. ఎక్కువమంది రాస్తేనే ఆ బల్ల దగ్గర తెలుగు తెలిసిన మనిషిని కూర్చోబెడతారు. మీ ఇంటికి వచ్చిన టెక్నీషియన్ పేరు, డెలివరీ అబ్బాయి ముఖం మాత్రం అందులో పెట్టకండి. పని పూర్తి కాకముందే హ్యాపీ కోడ్ చెప్పకండి. వయసు మళ్లిన మీ ఇంటివారికి కూడా ఈ సంగతి వివరించండి. పోస్టు వల్ల మీ పని అయిపోయినా, అదే వీధిలో అదే కంపెనీతో ఇబ్బంది పడుతున్న వారుంటే వాళ్ల ఫిర్యాదు సంఖ్యను కూడా ఆ జవాబు కిందే రాయండి. మా తమ్ముడు ఎదురింటి ఆమె విషయంలో చేసింది అదే. ఆమె ఫ్రిజ్ కూడా ఆ వారంలోనే బాగైంది.

కంపెనీల నుంచి నేను కోరేది ఒకటే. ఫోన్ ద్వారా వచ్చిన ఫిర్యాదు సగటున ఎన్ని రోజుల్లో పరిష్కారమైంది, సోషల్ మీడియా ద్వారా వచ్చినది ఎన్ని రోజుల్లో పరిష్కారమైంది అన్న రెండు లెక్కలు వాళ్ల కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్నాయి. వాటిని మూడు నెలలకొకసారి జిల్లాల వారీగా ప్రకటించాలి. ఇంటికి మనిషి రాకుండానే మూతపడిన ఫిర్యాదులు ఎన్నో కూడా అందులో చూపాలి. వాళ్లంతట వాళ్లు ఆ పని చేయరు కనుక, చేసి తీరాలన్న నియమం తేవాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు మా కళాశాల విద్యార్థులతో కలిసి ఒక వినతిపత్రం తెలుగులోనే రాస్తున్నాం. నర్సంపేట నుంచి, భూపాలపల్లి నుంచి, మహబూబాబాద్ నుంచి కోడ్ అడిగి మూసేసిన ఫిర్యాదుల వివరాలు ఎవరి దగ్గరైనా ఉంటే, వ్యక్తిగత వివరాలు తీసేసి నాకు పంపండి. దానికి జత చేస్తాం.